మట్టికుక్క ఈల

డెబ్బైల చివర్లో నేను నంద్యాలలో ఒక బడిలో సోషలు చెప్పేదాన్ని. కాపురం ఆళ్లగడ్డలో, రోజూ బస్సు. మా హెడ్‌మిస్ట్రెస్‌కు తెలిసిన దొరసాని ఒకామె మెక్సికో నుంచి ఆమెకొక మట్టికుక్కను తెచ్చిచ్చింది. గుప్పిట్లో పట్టేంత బొద్దుకుక్క. తోకలో ఊదితే కూస్తుంది. వేల ఏండ్ల కిందట అక్కడివాళ్లు కుక్కలు, పిట్టలు, తాబేళ్ల రూపంలో ఇలాంటి ఈలలు చేసి, చచ్చిపోయినవాళ్లతో పాటు పూడ్చేవారట. ఇది వాటిని చూసి ఇప్పటివాళ్లు చేసిన నకలు.

మేడం నా ముందే ఊది, "ఇంటికి తీస్కపో. మీ పిల్లోల్లకు చూపించి సోమవారం తేమ్మా" అంది. ఆమె సంబరం చూసి నాకూ ముచ్చటేసింది.

ఇంట్లో మా అత్త దాన్ని తిప్పి తిప్పి చూసింది. "కుక్క తోక నోట్లో పెట్టుకునేది ఏం సదువే? ముందుగాల ఎవురు ఊదినారు?"

"మా హెడ్‌మిస్ట్రెస్, అత్తా."

"ఆ చర్చికి పొయ్యే ఆయమ్మేనా?"

వెంటనే దాన్ని దొడ్లోకి తీసుకుపోయింది. మా ఇంట్లోవాళ్ల ఎంగిలైతే ఉత్త నీళ్లతో కడిగి సరిపెట్టుకునేవాళ్లం. "చూస్తాండావేందే, బూడిద తేపో" అంది. తెచ్చిచ్చాను. పెద్దామెతో గొడవెందుకులే అనే సాకు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఆమె రంధ్రాల్లోకి పుల్ల దూర్చి మరీ తోమింది.

సోమవారం నా తరగతిలో పిల్లలు చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. మేడం ఊదింది. చప్పుడు లేదు. బుగ్గలుబ్బించి మళ్లీ ఊదింది. దగ్గొచ్చింది. పిల్లలు కిసకిస నవ్వారు.

"ముసిల్దాన్నైపోయినా, ఊపిరి చాల్తాలేదు" అని తనూ నవ్వింది. ఆ మాట విని ఊరుకోలేకపోయాను.

"మీ ఊపిరి కాదు మేడం, బూడిద అడ్డం పడినట్టుంది. ఇంట్లో తోమినాం."

"కొత్తదే కదమ్మా, ఎందుకు తోమినారు?"

  నేను తల దించుకోవడమే ఆమెకు చాలినట్టుంది.  చాక్‌పీసు పొడి అంటిన వేళ్లతో ఆ కుక్కను తట్టి బూడిద దులిపింది.

"నువ్వొకసారి ఊది చూడమ్మా" అని నా వైపు చాచింది. చాచినదల్లా ఆగి, తన నోరు తగిలిన ఆ తోకను కొంగుతో శుభ్రంగా తుడిచి, అప్పుడు నా చేతికిచ్చింది.