ఆదివారం గుమ్మంలో పులుసు గిన్నె

మా ఊరు కొఫొరిడ్యువాలో ఒట్టి దాన్సోవా అంటే ఎవరని అడుగుతారు గాని, పోస్టాఫీసు దాన్సోవా అంటే తెలియనివాళ్లు లేరు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ ఆఫీసులో ఆమె చేసిన పని ఒక్కటే. చిరునామా సరిగా లేని ఉత్తరాలన్నీ ఆమె బల్ల మీదకు వచ్చేవి. "కొఫొరిడ్యువాలో ఎత్తుపళ్ల అత్తయ్యకు" అని మాత్రమే రాసి ఉన్న ఉత్తరాన్ని కూడా మూడు రోజుల్లో ఆ అత్తయ్య చేతిలోనే పెట్టేది. మా ఊళ్లో ఎత్తుపళ్ల అత్తయ్యలు పదకొండుమంది ఉన్నారనీ, వాళ్లలో తొమ్మిదిమందికి ఆ పేరుతో పిలిస్తే ఒళ్లు మండుతుందనీ ఆమెకొక్కదానికే తెలుసు.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుందామంటే జనం కూర్చోనిస్తేనా! మా మేక ఎవరి దొడ్లో ఉందో చూడమని ఒకరు, మా మరిది నిజంగా ఉద్యోగానికే వెళ్తున్నాడో లేదో కనుక్కోమని ఒకరు. చివరికి నా పూసల కొట్టు పక్క గది అద్దెకు తీసుకుని బోర్డు కట్టింది. పోయిన వస్తువులని రాయమంటే, బోర్డు రాసినవాడు "పోయినవాళ్లను వెతికి పెడతాం" అని రాసి చక్కా పోయాడు. దాంతో మొదటి వారమే ఒకామె చచ్చిపోయిన తల్లితో మాట్లాడించమని వచ్చి కూర్చుంది. పొలం కాగితాలు ఎక్కడ దాచిందో అడగాలట. దాన్సోవా ఆమెను తిప్పి పంపలేదు. వాళ్లింటికి వెళ్లి, ముసలావిడ ఏ కుర్చీలో ఎక్కువ కూర్చునేదో కనుక్కుని, ఆ కుర్చీ దిండు కుట్లు విప్పింది. కాగితాలు అందులోనే ఉన్నాయి. ఆత్మలతో మాట్లాడుతుందని పేరు వచ్చింది. కాదని చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పెట్టింది.

ఒక బుధవారం ఉదయం ఆసాబియా వచ్చింది. లారీ స్టాండు దగ్గర హోటలు నడిపే ఆసాబియా అంటే మామూలు మనిషి కాదు. ఆవిడ పామాయిల్ కాయల పులుసు కోసం రాజధాని అక్రా వెళ్లే డ్రైవర్లు కూడా బండి పక్కకు తిప్పి ఆపేవాళ్లు. అలాంటి మనిషి కళ్లు ఎర్రగా చేసుకుని గుమ్మంలో నిలబడింది.

"దాన్సోవా, నా మొగుడికి ఇంకో ఆడది ఉందే."

"ఎవరికి? లార్బీ బావకా?" దాన్సోవా నవ్వు ఆపుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అక్కా, ఆయన మీ ఇంటి మెట్లు ఎక్కడానికే రెండుసార్లు ఆగుతాడు కదా."

"ఆవిడది మెట్లు లేని ఇల్లేమో!"

నేను పూసలు గుచ్చుతున్నట్టు నటిస్తూ స్టూలు కొంచెం దగ్గరికి జరుపుకున్నాను.

విషయం ఏమిటంటే, లార్బీ కూడా లారీ డ్రైవరే, ముప్పై ఏళ్లు నడిపి మానేశాడు. మోకాళ్ల నొప్పులని చెప్పి ఆదివారాలు చర్చికి రావడం లేదు. ఆసాబియా ఒక్కతే వెళ్తోంది. ఒంటిగంట దాటాక ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో గిన్నె, గిన్నె మీద గుడ్డ. లోపల వేడివేడి పులుసు, అందులో కర్రపెండలం దంచి చేసిన ఫుఫు ముద్ద. ఐదు ఆదివారాలుగా ఇదే వరస.

"ఎవరు పెట్టారండీ అంటే, ఏమో, దేవుడిచ్చాడేమో అంటాడు. ఇన్నేళ్లూ ఆ దేవుడు ఎవరింట్లో వండుతున్నాడో మరి!"

"తింటాడా?"

"తినడమా! గిన్నె నాకేస్తాడు. నేను వండి పెడితే మాత్రం వేలితో బొమ్మలు గీస్తూ కూర్చుంటాడు."

"నువ్వు రుచి చూశావా అక్కా?"

"చూశా. ఉత్త చప్పిడి. ఉప్పు లేదు, కారం లేదు, ఓ వాసన లేదు పాడు లేదు. ఆ గడ్డి కోసం ముప్పై ఎనిమిదేళ్ల కాపురం..." అంటూ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నం మేమిద్దరం ఆవిడ హోటలుకే భోజనానికి వెళ్లాం. దాన్సోవా ఏ ఆరా తీసినా తిండి దగ్గరే మొదలుపెడుతుంది. అది పద్ధతో ఆకలో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకప్పుడు ఆ బెంచీల మీద చోటు కోసం తోసుకునేవాళ్లం. ఆ రోజు సగం బెంచీలు ఖాళీ. పులుసు నోట్లో పెట్టుకున్నాక కారణం అర్థమైంది. నేను మూడు గ్లాసుల నీళ్లు తాగాను.

ఆసాబియా మా ఎదురుగా కూర్చుని మొగుణ్ణి తిడుతోంది. ఆవిడ వెనకాల పొయ్యి మీద అలసందలు మాడుతున్నాయి. కమురు వాసనకు నాకు కళ్లు మండాయి. రోడ్డు మీద పోయే మనిషి కూడా ముక్కు మూసుకుని లోపలికి తొంగిచూశాడు. ఆసాబియా మాత్రం తల తిప్పలేదు. పనమ్మాయి పరుగెత్తుకొచ్చి కుండ దింపేదాకా తిడుతూనే ఉంది. దాన్సోవా నా వంక ఒకసారి చూసి మళ్లీ పళ్లెంలోకి చూపు దించుకుంది.

ఆసాబియా అనుమానం అంతా బోటెమా మీద. బోటెమా బజారులో బట్టలమ్మే విధవరాలు. లార్బీ కనిపించినప్పుడల్లా పళ్లన్నీ బయటపెట్టి పలకరిస్తుంది. మరునాడు వాళ్లింటికి వెళ్లాం. వంటగది చూస్తే పొయ్యి మీద సాలెగూడు.

"వంటా? నేనా?" అని బోటెమా పకపకా నవ్వింది. "కోడిగుడ్డు ఉడకబెట్టినా మాడిపోద్ది నాకు. మా ఆయన బతికున్నన్నాళ్లూ ఆసాబియక్క హోటల్లోనే తిన్నాడు పాపం. లార్బీ బావంటావా, ఆయన్ని చూస్తే నవ్వొస్తుంది, నవ్వుతా. ఈ ఊళ్లో ఇంకెవరిని చూసి నవ్వమంటావ్?"

బయటికి వచ్చాక నేను అన్నాను, "ఈవిడ కాదు." "ఆ సాలెగూడు వయసు మన స్నేహం అంత ఉంటుంది," అంది దాన్సోవా.

వచ్చే ఆదివారం పులుసును లార్బీ మొత్తం నాకేయకుండా కాస్త దాచి పెట్టమని ఆసాబియాకు చెప్పింది. సోమవారం పొద్దున్నే ఆవిడ డబ్బాలో పులుసు, సంచిలో గిన్నె మీది గుడ్డ తెచ్చి ఇచ్చి వెళ్లింది. దాన్సోవా నా కుంపటి మీద పులుసు వెచ్చబెట్టి, వేలు ముంచి, నాకి, కళ్లు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు.

"ఏమైందక్కా? విషమా?"

"ఒసే దేదే, ఇది ఆసాబియక్క పులుసే." ఇంకోసారి వేలు ముంచింది. "పోస్టాఫీసులో ఉండగా రోజూ మధ్యాహ్నం తిన్నది ఇదే. చప్పిడా? ఇలాంటిది నోట్లో పడి ఎన్నాళ్లయిందో. ఇందులో ప్రెకెసె కాయ కాల్చి వేశారు."

ప్రెకెసె కాయ అందరూ పచ్చిదే విరిచి పులుసులో వేస్తారు. వీధి చివరిదాకా ఘుమఘుమలాడుతుంది. నిప్పుల మీద కాల్చి వెయ్యడం ఆసాబియా ఒక్కతే చేసేది, అదీ వంటగది తలుపు వేసుకుని. పనమ్మాయిని కూడా బయటికి పంపేసేది. ఒకసారి జ్వరంలో పలవరిస్తూ దాన్సోవా ముందు నోరు జారింది, అంతే.

"అంటే ఆ ఇంట్లో మసిలేవాళ్లెవరో వండారు," అని దాన్సోవా గుడ్డను దులిపింది. రంపపు పొట్టు నా పూసల్లో పడింది. ఎర్రటి పొట్టు. లార్బీకి ప్రాణస్నేహితుడు ఒక్కడే, వడ్రంగి టెట్టే.

తరువాతి ఆదివారం ఊరంతా చర్చిలో పాటలు పాడుతుంటే, మేము లారీ స్టాండు వెనక ఉన్న టెట్టే కార్ఖానాకు వెళ్లాం. తలుపులు మూసి ఉన్నాయి. లోపలి నుంచి రోకలి చప్పుడు. ధమ్. ధమ్ధమ్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ ధమ్. వెంటనే "అమ్మో!" అని కేక.

"ఇది ఆడవాళ్ల దంపుడు కాదు," అని నా చెవిలో గొణిగింది దాన్సోవా.

తలుపు సందులోంచి చూశాం. లార్బీ వడ్రంగి గుడ్డ నడుముకు చుట్టుకుని రెండు చేతులతో రోకలి ఎత్తుతున్నాడు. టెట్టే రోటి దగ్గర కూర్చుని ముద్ద తిప్పుతున్నాడు.

"నెమ్మదిరా బాబూ! అది నా వేలు, కర్రపెండలం కాదు!"

"నువ్వే చెయ్యి ఆలస్యంగా తీస్తున్నావ్. నీకు కూడా హారన్ కొట్టాలా?"

"లారీ నడిపినట్టు దంచుతున్నావ్. బ్రేకు వెయ్యడమే తెలీదు నీకు!"

దాన్సోవా తలుపు తోసింది. లార్బీ చేతిలో రోకలి కింద పడింది. టెట్టే వేళ్లు లెక్కపెట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

"బావా, మోకాలు నొప్పన్నారట?"

"దంచేది చేతులతో కదమ్మా," అని లార్బీ నేల చూపులు చూస్తూ గొణిగాడు.

ఆ తరువాత రంపపు బల్ల మీద కూలబడి మొత్తం చెప్పేశాడు. "రెండు వానాకాలాలుగా ఆవిడ పులుసు ఆవిడది కాదు దాన్సోవా. ఒకరోజు సముద్రం, ఒకరోజు ఉత్త నీళ్లు. ఎలా చెప్పను? ఆ పులుసే కదా ఆవిడ పేరూ పరువూ. బాలేదంటే ఆవిడ గుండె ఆగిపోద్ది. లేకపోతే నా గుండె ఆపేస్తుంది. అందుకే, పాత పులుసు ఎలా ఉండేదో అలా వండి గుమ్మంలో పెడితే, రుచి చూసి, అయ్యో నేను ఇలా వండేదాన్ని కదా అని గుర్తు తెచ్చుకుంటుందని..."

"తెచ్చుకుందా?"

"చప్పిడి అంది!" లార్బీ నుదురు కొట్టుకున్నాడు. "ఇది కుదరడానికి నేనెన్ని కుండలు మాడ్చానో వీణ్ణి అడుగు."

"మూడు," అన్నాడు టెట్టే. "మూడూ నావే."

నాకు నవ్వు ఆగలేదు. దాన్సోవా మాత్రం నవ్వలేదు. పొయ్యి దగ్గరికి వెళ్లి, నిప్పుల మీద కాలుతున్న ప్రెకెసె కాయను పటకారుతో తీసి చేతిగుడ్డలో చుట్టుకుంది. "ముద్ద పూర్తి చేసి, గిన్నె తీసుకుని మెల్లగా రండి. దొంగతనంగా కాదు, ముందు గుమ్మం నుంచే," అని బయలుదేరింది.

ఆసాబియా తెల్లబట్టల్లో చర్చి నుంచి వచ్చేసరికి మేము వరండాలో కూర్చుని ఉన్నాం.

"దొరికిందా?" అంది రాగానే.

"దొరికింది. ముందు కళ్లు మూసుకో అక్కా."

ఆవిడ మూసుకుంది. దాన్సోవా గుడ్డ విప్పి, ఇంకా పొగ వస్తున్న కాయను ఆవిడ ముక్కు కింద పెట్టింది. వాసన గుప్పుమంది, పక్కింటి కుక్క లేచి వచ్చింది.

"ఇదేమిటో చెప్పు."

"ఏముంది అక్కడ? ఒట్టి చెయ్యే కదా," అని ఆసాబియా కళ్లు తెరిచింది. కాయను చూసింది. మొహం తెల్లబోయింది. మెల్లగా మెట్టు మీద కూర్చుండిపోయింది.

దాన్సోవా పక్కనే కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఎప్పటినుంచి?"

"ఆ జ్వరం వచ్చింది చూడు, అది తగ్గాక ముక్కూ నాలుకా రెండూ పోయాయే. కళ్లతో చూసి గుర్తు మీద వండుతున్నా. వాసన తెలీని మనిషి హోటలుకి ఎవరొస్తారు? ఆయనకు తెలిస్తే ఆయన మనసు విరిగిపోద్ది. నా పులుసు కోసమే నన్ను చేసుకున్నానని ఊరంతా చెప్పుకున్నాడు." ఆవిడ భుజాలు కదిలాయి. కాసేపటికి తల ఎత్తి మొహం తుడుచుకుంది. "సరే, ఏడుపు తర్వాత ఏడుస్తా. ముందు ఆ ఆడదెవరో చెప్పు."

"చెబుతా. పొడుగ్గా ఉంటుంది. నెత్తిన జుట్టు తక్కువ, గడ్డం ఎక్కువ. ముప్పై ఏళ్లు లారీ నడిపింది."

ఆసాబియాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఈలోగా వీధి మలుపు దగ్గర లార్బీ గిన్నె రెండు చేతులతో పట్టుకుని వస్తున్నాడు. వెనకాల టెట్టే వేలికి గుడ్డ చుట్టుకుని.

లార్బీ మెట్ల దగ్గర ఆగి గిన్నె చాచాడు. ఆసాబియా గిన్నె తీసుకుని పక్కన పెట్టి, ఆయన భుజం మీద గట్టిగా ఒకటి చరిచింది.

"ప్రెకెసె కాల్చడం ఎప్పుడు చూశారు? తలుపు వేసుకునేదాన్నే!"

"కిటికీ వేసేదానివి కాదుగా."

ఆవిడ నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. ఏడుస్తూనే పులుసులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. "నాకేమీ తెలీడం లేదండీ. ఎలా ఉందో మీరే చెప్పండి," అంది. లార్బీ మెట్టు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. ముందు పొగబెట్టిన చేప, తరువాత అల్లం, ఆ తరువాత కాయ ఘాటు, అన్నీ ఒక్కొక్కటిగా. ఆవిడ తల ఊపుతూ విన్నది. నేను పూసలమ్ముకునేదాన్ని, నాకు పెద్ద మాటలు రావు. పక్కకు తిరిగి నిలబడ్డాను.

ఆ మర్నాటి నుంచి లార్బీ హోటల్లో పొయ్యి పక్కనే స్టూలు వేసుకున్నాడు. ఉప్పు చాలంటాడు, చాలదని ఆవిడ అంటుంది. ఇక్కడ పనిచేసే ముక్కు నాదీ అంటాడు, ఆ ముక్కుకి పులుసు నేర్పింది ఎవరని ఆవిడ గరిటె ఎత్తుతుంది. బెంచీలు మళ్లీ నిండాయి. సగంమంది పులుసుకు, సగంమంది పోట్లాటకు వస్తున్నారని బోటెమా లెక్క. ముక్కు తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు ఆస్పత్రి డాక్టరు. నాలుగు నెలలకు ఒక ఉదయం వంటింట్లోంచి కేక వినబడి అందరం పరుగెత్తాం. కిటికీలోంచి తల దూర్చిన మేక మెడ పట్టుకుని ఆసాబియా గెంతుతోంది. "కంపు కొడుతోందే! మేక కంపు కొడుతోంది!" అప్పటికి వచ్చింది ఆ ఒక్క వాసనే. అయినా ఆ రోజు హోటల్లో అందరికీ చేపముక్క అదనంగా పడింది.

ఈ పనికి ఏమిమ్మంటావని అడిగితే, ఆదివారం భోజనం చాలంది దాన్సోవా. ఒంటరి మనిషి, ఆదివారాలు ఆమెకు పొడుగ్గా ఉండేవి. ఆ సంగతి నాతో ఎప్పుడూ అనలేదు గాని, గోడ అవతలే ఉండేదాన్ని కదా, తెలుసు. మొదటి ఆదివారం చర్చి టోపీతోనే వచ్చి, రెండు ముద్దలు తిని, మూడోది అడిగి, వరండా కుర్చీలో కూర్చున్నదల్లా అలాగే నిద్రపోయింది. టోపీ కళ్ల మీదకు జారింది. సన్నగా గురక కూడా పెట్టింది. ఆసాబియా గిన్నెలు చప్పుడు కాకుండా ఒక్కొక్కటే తీసింది. లార్బీ, టెట్టే గొంతులు తగ్గించి పోట్లాడుకున్నారు. సాయంత్రం దాకా ఆమెను ఎవరూ లేపలేదు.