హేజెల్ ఎందుకు కదల్లేదు

2023 వసంతం. నార్త్ కరోలినాలో, క్యారీ అనే ఊరికి అరగంట దూరంలో, గుర్రాలను ఉంచే ఒక బార్న్‌లో గుర్రపు స్వారీ నేర్పుతున్నాను. యానిమల్ సైన్స్‌లో మాస్టర్స్ చేయడానికి వచ్చి గుర్రాల దగ్గరే ఉండిపోయినదాన్ని. ఈ పనిలో ఎక్కువగా వినే ఫిర్యాదు, గుర్రం ముందుకు కదలడం లేదని. మేం దాన్ని 'నాట్ ఫార్వర్డ్' అంటాం. కాళ్లు బాగానే ఉంటాయి, నడవాలన్న ఇష్టమే ఉండదు.

ఆ మార్చిలో ప్రసాద్ గారు తన పదమూడేళ్ల కూతురు మేఘనను, హేజెల్ అనే ఆడగుర్రాన్ని మా దగ్గరికి తీసుకొచ్చారు. ఆయనది ఫార్మా ఉద్యోగం.

"గుర్రం మా ఆవిడదండీ. తను పోయిన సంవత్సరం చనిపోయింది. పాప దీన్ని రైడ్ చేస్తే చూడాలని ఉంది. ఇదేమో అడుగు కదపదు."

ఆవిడకేదో జబ్బు చేసి ఉంటుందనుకున్నాను. ఆ మాట మీద ఆయన ఆగలేదు, నేనూ అడగలేదు.

మొండికేసే గుర్రాన్ని కొట్టే ముందు నొప్పి ఉందేమో చూడాలి. పశువుల డాక్టరు, మేం వెట్ అంటాం, వచ్చి వెన్ను, పళ్లు, గిట్టలు చూశారు. జీను సరిపోయిందో లేదో నేను చూశాను. ఎక్కడా లోపం లేదు. పొడవాటి తాడు కట్టి చుట్టూ తిప్పడాన్ని లాంజింగ్ అంటారు. అలా తిప్పితే హేజెల్ నా నాలుక చప్పుడుకే చెవులు నిక్కించి హాయిగా పరుగెత్తింది. మేఘన ఎక్కగానే మాత్రం ఇసుకలో పాతేసినట్టు నిలబడిపోయింది.

"కిక్ చెయ్ మేఘనా! ఇంకా గట్టిగా!" కంచె అవతలినుంచి ప్రసాద్ గారు అరుస్తున్నారు.

పిల్ల మడమలతో తన్నుతూనే ఉంది. నేను దగ్గరికెళ్లి ఆమె చేతులు చూశాను. జూలు కింద పగ్గాలను పిడికిళ్లు తెల్లబడేంత గట్టిగా వెనక్కి లాగిపట్టుకుంది. కాళ్లు వెళ్లమంటున్నాయి, చేతులు వద్దంటున్నాయి. హేజెల్ చేతుల మాట వింటోంది.

ప్రసాద్ గారిని ఆఫీసు గదిలో కూర్చోమని పంపించి, పిల్లను మెల్లగా అడిగాను. "ఇది నడిస్తే నీకు భయమా?"

"అమ్మ దీని మీదనుంచే పడింది, ఆంటీ. డీర్ వచ్చింది, ఇది జంప్ చేసింది. నేను అక్కడే ఉన్నా." నా వైపు తిరిగి అంది, "నాన్న మీకు చెప్పలేదా?"

జీను మీదనుంచి ఆమెను దింపాను. ఆ పిల్ల బరువంతా నా భుజాల మీద వాలింది. నేల మీద నిలబడ్డాక కూడా నన్ను వదల్లేదు.

ఆఫీసు గదిలో ప్రసాద్ గారితో, "మీరు ముందే చెప్పాల్సింది," అన్నాను.

"చెప్తే మీరు పాపను ఎక్కించేవారా?"

"ఎక్కించేదాన్ని కాదు."

ఆయన తల దించుకున్నారు. "ఈ గుర్రాన్ని కొన్నది నేనండీ, మా ఆవిడ బర్త్‌డేకి. చాలా స్లో, చాలా సేఫ్ అంటేనే కొన్నాను. పాప దీనిమీద నవ్వుతూ తిరిగితే, అది యాక్సిడెంటే, నా తప్పు కాదు అని నమ్ముదామనుకున్నా."

"ఆ పని పాపతో చేయించకండి."

ఆయన తల ఎత్తి, "అయితే నాకు నేర్పిస్తారా?" అన్నారు. ఒప్పుకున్నాను.

ఆ వేసవంతా నేర్పాను. పగ్గాలు వదులుగా ఉంచండి, చూపు వెళ్లాల్సిన చోట పెట్టండి. పిక్కలతో ఒక్కసారి మెత్తగా నొక్కండి, అది అడుగు వేయగానే నొక్కడం ఆపేయండి. దీన్ని రిలీజ్ అంటాం. ఒత్తిడి తీసేయడమే గుర్రానికి బహుమానం. మొదట్లో ఆయన చేతులూ కూతురి చేతుల్లాగే బిగుసుకునేవి. కొన్ని వారాలకు హేజెల్ నడిచింది, తర్వాత పిలిస్తే పలికినట్టు ట్రాట్, అంటే చిన్న పరుగు, అందుకుంది. బలవంతం లేదు, ఇష్టంగానే వెళ్లింది. నా పని ఫలించింది.

అది చూపించాలని ఆయన మేఘనను తీసుకొచ్చారు. హేజెల్ వేగం అందుకోగానే పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుని, వెనక్కి తిరిగి కారు వైపు పరుగెత్తింది. ప్రసాద్ గారు దిగి, గుర్రం మెడ మీద నుదురు ఆనించారు. "అది యాక్సిడెంటేనని నాకూ నమ్మకం కుదర్లేదండీ," అన్నారు.

హేజెల్‌ను వర్జీనియాలో ముసలి గుర్రాలను పెంచే ఒక జంటకు ఇచ్చేశారు. అది ఇప్పటికీ బాగానే ఉందట. మేఘన సంగతి అంత బాగా లేదని, కౌన్సెలింగ్‌కి వెళ్తోందని విన్నాను. తండ్రితో పెద్దగా మాట్లాడదట.

గుర్రం కదలడం లేదని ఎవరైనా వస్తే ఇప్పటికీ ముందు వెట్‌ను పిలుస్తాను, జీను చూస్తాను. ఆ తర్వాత తీసుకొచ్చినవాళ్లను దూరంగా పంపి, ఎక్కబోయేవాళ్లను అడుగుతాను. ఇది నడవాలని నీకుందా? లేదని తల ఊపితే, ఆ రోజు జీను కట్టను.