బెత్తెడున్నర బండి, రెండు బెత్తల బండి

సైకిలు కొనడానికి మూడు ఊళ్ళు తిరగాలా అని ఇంట్లో నవ్వారు. ఒక్క చీర కోసం ప్రొద్దుటూరు బజారంతా పొద్దుగూకే దాకా తిరిగేవాళ్ళు నన్ను చూసి నవ్వడం మరీ బాగుంది. తిరగాలనే అంటాను నేను. ఎందుకో చదివాక మీరూ ఒప్పుకుంటారు.

ప్రొద్దుటూరులో బడిపిల్లలకు ఆటలు నేర్పే టీచర్ని. నలభై దాటాయి. ఆదివారం వస్తే కొండబాటల్లో సైకిలు తొక్కడం చాలా ఏళ్ళ నాటి పిచ్చి. పోయిన చలికాలంలో గండికోట దగ్గర పెన్న వైపు దిగే ఒక రాతి బాటలో పడి ఎడమ భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాను. ఆ బాటను మేము మేకల దిగుడు అంటాం. ఎముక అతికింది గానీ, "కుదుపు తీసుకునే బండి కొనుక్కో, లేకుంటే రోడ్డు మీదే తొక్కుకోమ్మా" అని డాక్టరు ఖండితంగా చెప్పాడు. రోడ్డు మీద ఎవరైనా తొక్కుతారు. నాకు మేకల దిగుడు కావాలి. అక్కడ మళ్ళీ దిగగలనా, లేక అక్కడితో నా సరదా తీరిపోయినట్టేనా అన్నదే నెలల తరబడి నన్ను తొలిచింది.

వాడిన బండ్లు రెండు దొరికాయి. ఒకటి పులివెందులలో, ఒకటి జమ్మలమడుగులో. రెండింటికీ ముందూ వెనకా స్ప్రింగులాగా పనిచేసే గాలి గొట్టాలు ఉంటాయి. రాయి తగిలితే అవి లోపలికి దిగి మళ్ళీ లేస్తాయి. ఎంత దిగగలవో ఆ కొలతను ట్రావెల్ అంటారు. పులివెందుల బండికి నూట ఇరవై మిల్లీమీటర్లు, అంటే బెత్తెడున్నర. జమ్మలమడుగు బండికి నూట యాభై, అంటే రెండు బెత్తలు. ధరలు దగ్గర దగ్గరే కాబట్టి దుడ్ల సంగతి వదిలేయండి. తేడా అంతా ఆ అర బెత్తెడులోనే ఉంది.

మాది పెండ్లిమర్రి దగ్గరి పల్లె. ఎద్దును అమ్మేవాడి చేలో చూడొద్దంటాడు మా నాయన. వాడి చేలో ప్రతి ఎద్దూ మంచిదే. తోలుకొచ్చి నీ చేలో కాడికి కట్టాలి. అలా తోలుకొచ్చేటప్పుడు మా వైపు కొనేవాడు తన తువ్వాలు అమ్మేవాడి ఇంట్లో వదిలి వస్తాడు. బేరం కుదిరితే తువ్వాలు వాళ్ళదే. నా చేను మేకల దిగుడు. రెండు బండ్లనూ అక్కడే కట్టి చూడాలనుకుని, నాయన తువ్వాలొకటి సంచిలో వేసుకుని శనివారం పొద్దున్నే బయల్దేరాను.

ఆరున్నరకు ప్రొద్దుటూరు బస్టాండులో పులివెందుల బస్సు ఎక్కాను. ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు చేతికిస్తారు. కారం దోసె తిని ఎక్కండి, దారిలో అంత మంచిది దొరకదు. ముద్దనూరు దాటాక కొండ ఎక్కుతున్నప్పుడు ఎండ ఇంకా ముదరలేదు. పక్కన కూర్చున్న ఆమె నా ఒళ్ళో ఉన్న హెల్మెట్ చూసి, "మోటరు సైకిలు యాడ పెట్టినావు మ్మా?" అంది. సైకిలు కొనడానికి పోతున్నానంటే నన్ను పైకీ కిందికీ చూసి, "ఎవురికి, కొడుక్కా?" అని అడిగింది. నాకే అన్నాను. ఆమె తన సంచిని నా హెల్మెట్‌కు దూరంగా అవతలి వైపు పెట్టుకుంది.

తొమ్మిది కాకముందే పులివెందుల చేరాను. బండి యజమాని ప్రసాద్ చీనీ, అంటే బత్తాయి, తోటల రైతు. ఊరి చివర ఇల్లు. కరెంటు సైకిలు కొంటున్నాడట, అందుకే దీన్ని అమ్ముతున్నాడు. తోటలో తొక్కి చూడమన్నాడు. చీనీ చెట్ల మధ్య ఎర్రమట్టి, పరుపులాగా మెత్తగా ఉంది. "ఈడ ఏ బండైనా బాగుంటాదప్పా. నాకు గండికోట రాళ్ళ మీద చూడాల. రేపు సాయంత్రం దాకా ఇయ్యి" అని తువ్వాలు తీశాను. ప్రసాద్‌కు అర్థం కాలేదు. వసారాలో చెనిక్కాయలు వలుస్తున్న వాళ్ళమ్మ ఓబులమ్మకు మాత్రం క్షణంలో అర్థమైంది.

"ఏ ఊరు మ్మా మీది? ఈ తువ్వాల పెట్టేది నేను చూసి శానా కాలమాయ" అని లేచి వచ్చి, దాన్ని రెండు చేతులా తీసుకుని దండెం మీద ఆరేసింది. కొడుకు వైపు తిరిగి, "ఇయ్యి రా. తువ్వాల పెట్టినోళ్ళు ఎద్దును ఎత్తకపోరు" అంది. తర్వాత నాకు రెండో నియమం గుర్తు చేసింది. "నచ్చకుంటే ఊరకే తెచ్చి కట్టేసి పోగాకు మ్మా. వాకిట్లో నిలబడి నలుగురు వినేటట్టు దాని మంచి చెప్పి పో. తిరిగొచ్చిన ఎద్దుకు పేరు చెడతాది."

మా నాయన కూడా ఇదే చెబుతాడు. ఏ గొడ్డునూ చెడ్డమాటతో తిప్పి పంపకూడదు. ఉగ్గాని, బజ్జీ పెట్టి పంపింది ఓబులమ్మ. రెండోసారి పెట్టించుకుని తిన్నాను.

మధ్యాహ్నం ఒంటిగంట జమ్మలమడుగు బస్సు దగ్గర చిన్న తగువు. ముందు చక్రం ఊడదీసి బండిని వెనక సీటు వెనక నిలబెట్టాను. కండక్టరు వచ్చి దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "మేడం, మీకు ఉచితమే. దీనికి ఆధార్ కార్డు ఉండాదా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వి లగేజీ టికెట్టు తీసుకున్నాను. మీరు పోయేటప్పుడు అట్టపెట్టె ముక్కలు రెండు తీసుకుపోండి. గొలుసు నూనె పక్కవాళ్ళ పంచెకు అంటితే ఆ టికెట్టు కాపాడదు.

జమ్మలమడుగు బస్టాండు దగ్గరి లాడ్జిలో దిగాను. గది చిన్నది, నీళ్ళు వేడిగా వచ్చాయి, అంతకంటే అడగడానికి ఏముంది. బండిని గదిలోకి తీసుకుపోతానంటే మేనేజరు ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "ఇద్దురా, ఒక్కరా?" ఒక్కరి రేటే రాసుకోమన్నాను. రాత్రికి సంగటి, వంకాయ పులుసు తిని త్వరగా పడుకున్నాను.

ఆదివారం ఆరు గంటలకు రెండో బండి యజమాని శివ చిన్న ట్రాలీ ఆటోతో వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఒక ఆఫీసులో గుమాస్తా. రెండు బండ్లూ అందులోకి ఎక్కించాం. దారిలో ఆ పెద్ద బండి ఎందుకు కొన్నాడో అడిగాను.

"బెంగళూరులో అన్నిటికంటే పెద్దది ఏదంటే ఇది చూపించినారక్కా. చిన్నది తీసుకుంటే మనల్ని చిన్నగా చూస్తారు గదా" అన్నాడు, నిజాయితీగా.

"మరి ఏంటికి అమ్ముతాండావు?"

"కుదుపు తట్టుకోలేకున్నా. నడుం విరిగిపోతాంది. ఇంత దుడ్లు పోసినా మా తాత సైకిలే నయం."

ఇది వినగానే నాకు అనుమానం వచ్చింది. రెండు బెత్తలు దిగే బండి నడుం విరగ్గొట్టడమేమిటి? మేకల దిగుడు పైన ఆటో ఆపగానే ముందు గొట్టం చూశాను. దాని మీద ఒక రబ్బరు ఉంగరం ఉంటుంది. గొట్టం ఎంత లోతు దిగితే ఉంగరం అంత పైకి జరిగి అక్కడే నిలుస్తుంది. శివ బండి మీద అది వేలెడు కూడా జరగలేదు. అంటే ఆ రెండు బెత్తలూ పెట్టెలో పెట్టిన పట్టుచీరలాగా మడత విప్పకుండా ఉన్నాయన్న మాట.

"గాలి ఎవరు కొట్టినారప్పా దీనికి?"

"నేనే. బిర్రుగా కొట్టినా. గాలి తక్కువుంటే బండి కూచుంటాది గదా."

నవ్వు ఆపుకోలేకపోయాను. మా జిల్లాలో గాలి అంటే బిర్రుగా ఉండాలి. సిమెంటు మూటలేసే బండికైనా, అరటిగెలలేసే బండికైనా చక్రం రాయిలాగా ఉంటేనే నలుగురిలో మర్యాద. అదే చేతితో ఈ సున్నితపు గొట్టాలకూ కొట్టేశాడు. నా సంచిలోని చిన్న పంపు బిగించి నా బరువుకు తగ్గట్టు గాలి వదులుతుంటే శివ ప్రాణం పోతున్నట్టు చూశాడు.

"అయ్యయ్యో, కూచుంటాందక్కా!"

"కూచోవాలనే గదప్పా కొన్నావు. మనిషెక్కితే నాలుగో వంతు దిగాల, అప్పుడే బండి ప్రాణంతో ఉన్నట్టు."

మొదట ఆ పెద్ద బండి మీదే దిగాను. నిజం చెప్పాలి, ఎక్కేముందు హెల్మెట్ పట్టీ రెండుసార్లు బిగించుకున్నాను. బాట మొదట్లో మెట్లుమెట్లుగా ఎర్రటి బండలు, తర్వాత కుడికి తిరిగే చోట మోకాలెత్తు రాయి, నేను పడింది అక్కడే. బ్రేకుల మీద రెండేసి వేళ్ళు వేసి వదిలాను. బండ్లు ఇలా కూడా ఉంటాయా అనిపించింది. ఒక్కో మెట్టునూ నీళ్ళు తాగినట్టు తాగేసింది. కింద ఇసుకలో ఆగి, ఊపిరి తీసుకుని, నేను పడిన రాయి కోసం వెనక్కి చూశాను. దాటి వచ్చేశాను, ఎక్కడ దాటానో తెలియలేదు. సంతోషం వేసింది, గట్టిగా అరిచాను కూడా. పైనుంచి శివ చెయ్యి ఊపాడు.

పైకి రావడం వేరే కథ. దిగింది ఎంతసేపని! ఎక్కేటప్పుడు ఆ బండిని తోస్తూ, బండల దగ్గర ఎత్తుతూ, సగం దారిలోనే ఎడమ భుజం సలపడం మొదలైంది. మా కొండల్లో దిగుడు చిటికెడు, ఎక్కుడు గంపెడు. కొనేవాళ్ళు ఇది మరిచిపోవద్దు.

నీళ్ళు తాగి పులివెందుల బండి ఎక్కాను. ఇది తేలిక, చెయ్యి చెప్పినట్టు తిరుగుతుంది. కానీ ప్రతి రాయినీ చెబుతుంది. మొదటి మెట్టు చెప్పింది, రెండోది చెప్పింది, కుడి మలుపు రాగానే ఆ రాయి కళ్ళ ముందు నిలబడింది. నా చేతులు వాటంతటవే బ్రేకులు బిగించాయి. ఆగిపోయి కాలు కింద పెట్టాను. భుజం విరిగిన రోజు విన్న చప్పుడు మళ్ళీ వినబడినట్టయింది. భయమేసింది. శివ చూస్తున్నాడన్న సిగ్గు కూడా వేసింది.

నాకు నా మీదే కోపం వచ్చింది. బండిని పది గజాలు వెనక్కి తోసుకుపోయాను. రాయి పక్కనే ఎడమ వైపు జారుడుగా ఒక బండ ఉంది. పోయినసారి నేను చూడనిది. కూర్చోకుండా లేచి నిలబడి, మోచేతులు వదులు చేసి, చూపు రాయి మీది నుంచి ఆ బండ మీదికి తిప్పి వదిలాను. చక్రం ఎక్కింది, దిగింది, భుజానికి చిన్న కుదుపు తగిలింది, అంతే. కింద ఇసుకలోకి వచ్చేసరికి కళ్ళు తడిశాయి. ఈసారి అరవలేదు. తిరిగి ఎక్కేటప్పుడు బండిని కుడి భుజాన మోసుకొచ్చి, ఆ రాయి దగ్గర దించి కాసేపు కూర్చున్నాను. నా బండి ఏదో అక్కడే తేలిపోయింది.

పైన శివ తన బండి పట్టుకుని నా కోసం ఎదురు చూస్తున్నాడు. అతని బరువు నాకంటే ఎక్కువ కాబట్టి గాలి కొంచెం పెంచి, పైనున్న తేలిక బాటలో తొక్కి రమ్మన్నాను. పోయినవాడు ఎంతకూ రాలేదు. వచ్చాక ఆ రబ్బరు ఉంగరాన్నే వంగి చూస్తున్నాడు. అది పైదాకా జరిగి ఉంది.

పదకొండు గంటలకు జమ్మలమడుగులో శివ ఇంటి ముందు రెండు బండ్లూ దించాం. ఓబులమ్మ మాట గుర్తుంది. బకెట్టు నీళ్ళు అడిగి శివ బండి కడిగాను. శివ భార్య సుజాత గడపలో నిలబడింది, ఎదురింటి వాళ్ళిద్దరు అరుగు మీది నుంచి చూస్తున్నారు. గొంతు పెంచి చెప్పాను.

"ఈ బండిలో ఏ లోపమూ లేదు. నేను ఎముక విరగ్గొట్టుకున్న చోట రాయి యాడుందో తెలీకుండా నన్ను కిందికి దించింది. నా భుజానికి బరువు, నాకు తేలికది కావాల, అందుకే తీసుకోలేదు. మోసే భుజముంటే దీనిని మించిన బండి లేదు."

శివ తల వంచుకుని చెయిను తుడుస్తూ, "నేను అమ్మనులే అక్కా" అన్నాడు.

సుజాత నన్ను కాదు, మొగుణ్ణి చూసింది. "నెల నుంచి ఇంట్లో అడ్డం, అమ్మేస్తా అమ్మేస్తా అంటివే! ఈ అక్క కొనేకి వచ్చిందా, నీకు అమ్మేకి వచ్చిందా?" అంది. అంటూనే నాకు భోజనం వడ్డించడానికి లోపలికి పోయింది.

ఎండ తగ్గాక నాలుగింటికి ప్రొద్దుటూరు బయల్దేరాను. బస్సు కాదు, నా బండి మీదే. ఇరవై చిల్లర కిలోమీటర్లు, చదునైన రోడ్డు. సగం దారిలో టీ బంకు దగ్గర ఆగి పులివెందులకు ఫోన్ చేశాను. ప్రసాద్ ఎత్తాడు, దుడ్లు పంపుతున్నానని చెప్పి వాళ్ళమ్మకివ్వమన్నాను.

"తువ్వాల ఇంక మీదే పెద్దమ్మా."

"నచ్చిందా? యాడ కట్టి చూసినావు?"

"నేను పడిన చోటనే."

"అయితే ఇంక దాని గురించి నేను చెప్పేదేం లేదు మ్మా. బద్రంగా పో" అంది.

రెండు బెత్తలు మంచివా, బెత్తెడున్నర మంచిదా అని ఎవరైనా అడిగితే మీ చేలో కట్టి చూసుకోండి అంటాను. వచ్చే ఆదివారం శివ తన బండితో మేకల దిగుడుకు వస్తానన్నాడు. కుడి మలుపులో ఏదో రాయి ఉందట కదా అక్కా, ముందే చూపించు అన్నాడు. చూపిస్తాను. అది ఎక్కడుందో ఇప్పుడు కళ్ళు మూసుకుని కూడా చెప్పగలను.