భుజం మీద చెయ్యి

అచ్చంపేటలో ఒక ఫోటో స్టూడియో ఆయన ఉండేవాడు. ఏ ఫోటో తీసినా మూడు కవర్లలో దాచేవాడు: ఒకదాంట్లో నిండు ఫోటో, ఒకదాంట్లో సగానికి కోసింది, ఇంకోదాంట్లో భుజాల దాకా ముఖం ఒక్కటే. "ఎంత కోసినా పక్కోని చెయ్యి మిగుల్తది" అనేవాడు కత్తెర ఆడిస్తూ.

నా దోస్తు అడవిలో అన్నలతో కలిసిన నెలకు పోలీసులు వాడి ఫోటో కోసం స్టూడియోకి వచ్చారు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. ముఖం ఉన్న కవరు మాత్రమే ఇచ్చాడు స్టూడియో ఆయన.

"భుజం మీద గీ గడియారం పెట్టుకున్న చెయ్యి ఎవనిది?" అన్నాడు ఎస్సై.

"యాదికి లేదు సార్. గింతే ఉంది."

నిండు ఫోటో ఆయన మోచేతి కిందే ఉంది. అందులో వాడి పక్కన నేను. ఆయన నా వైపు చూడకుండానే, "జర చాయ్ చెప్పి రాపో" అన్నాడు.

చెయ్యి జేబులో దోపుకుని గడప దాటుతున్నాను.

"తమ్మీ," అన్నాడు ఎస్సై వెనక నుంచి, "టైమెంతయింది?"