పడమటి హద్దు రాయి

1994 మార్చిలో నన్ను పాశమైలారం పంపారు. అప్పటికి నేను పటాన్‌చెరులో ఒక యంత్రాల కాంట్రాక్టరు దగ్గర రెండో తరగతి ఆపరేటర్‌ని. రెండో తరగతి ఆపరేటరు యంత్రంతో ఒక్కడే సైటుకు వెళ్లవచ్చు. ఏ పని ఎప్పటికి పూర్తి కావాలో చెప్పే అధికారం మాత్రం సైటు ఇంజనీరుది. పారిశ్రామికవాడ అంచున ఒక మందుల కంపెనీ ఎనిమిది ఎకరాల బీడు కొన్నది. దాన్ని శుభ్రం చేసి ప్రహరీ గోడ కట్టేవాళ్లకు అప్పగించాలి.

నాకిచ్చింది చిన్న రకం లోడర్-బ్యాక్‌హో. ముందు మట్టి ఎత్తే బకెట్టు, వెనక తవ్వే చెయ్యి. పెద్ద యంత్రాలు మళ్లలేని బండల సందుల్లో ఇది మళ్లేది. రెండు పిన్నులు లాగితే ముందు బకెట్టు ఊడి వస్తుంది. దాని చోట పొడుగు పళ్ల ఉక్కు గొర్రు తగిలిస్తే, తెగిన వేళ్లనూ కంపనూ దువ్వినట్టు లాగేస్తుంది. వెనక చేతికి బిగించేందుకు అడుగు వెడల్పు పళ్ల బకెట్టు ఒకటి, కాలువలు శుభ్రం చేసే పళ్లు లేని వెడల్పు బకెట్టు ఒకటి ఉండేవి. ఊరివాళ్లు దాన్ని తొండం బండి అనేవారు.

బీడంతా సర్కారు తుమ్మ. పైన నరికితే చావదు. భూమిలో అడుగు లోతున వేరు బుడిపె ఉంటుంది, అది వచ్చేదాకా తవ్వాలి. ముందు వెనక చేత్తో చెట్టు చుట్టూ మట్టి తీసి పక్కవేళ్లు తెంపాలి. తర్వాత యంత్రం తిప్పుకొని ముందు బకెట్టుతో నెట్టాలి. చెట్టు ఒరిగాక ఎత్తి దులిపితే పైమట్టి పొలంలోనే రాలుతుంది. చివర గొర్రు. ఈ వరుస తప్పి మొదటే గొర్రు పెడితే పని సగం కాలంలో అవుతుంది. కానీ నేలలో ఏముందో తెలియకుండానే అవుతుంది.

అందుకే మా కాంట్రాక్టరు దగ్గర ఒక నియమం ఉండేది. యంత్రం పెట్టబోయే ప్రతి నేల చెక్కనూ ఆపరేటరు ముందుగా కర్ర పట్టుకొని నడిచి చూడాలి. పాడుబావులు, కరెంటు తీగెలు, బండలు, హద్దు రాళ్లు కనిపిస్తే చుట్టూ సున్నం పొయ్యాలి. రోజువారీ షీటులో మొదటి గడి 'నడిచి చూసినది'. అందులో టిక్కు పెట్టి సంతకం చేశాకే తాళం తిప్పాలి.

సైటులో ఒక మూల రేకుల షెడ్డులో ఉండేవాణ్ని. భార్యాపిల్లలు జహీరాబాద్‌లో, నెలకొకసారి వెళ్లేవాణ్ని. పక్క సైటు కూలీలు బీహారువాళ్లు, సాయంత్రాలు రొట్టెలు కాల్చుకుంటూ వాళ్ల మాటల్లో వాళ్లుండేవారు. పగలంతా ఇంజను మోత. ఆ మోతలో ఎవరూ ఆపరేటరుతో మాట్లాడరు, చేతులతో సైగ చేస్తారు. సాయంత్రం ఇంజను ఆపాక కూడా చాలాసేపు చెవుల్లో అదే మోగేది. కొన్ని రోజులు ప్రార్థనలో తప్ప నా గొంతు నాకే వినిపించేది కాదు. వారానికొకసారి మనుషుల మధ్య కూర్చునేది పటాన్‌చెరులో మా క్రైస్తవుల గుడిలో. చిన్న సంఘం. చొక్కా ఎంత ఉతికినా డీజిలు వాసన పోదు కనుక చివరి బల్ల మీద కూర్చునేవాణ్ని. అయినా ఆదివారం నాకు ముఖ్యం. చేరేటప్పుడే ఆదివారం యంత్రం ఎక్కనని యజమానికి చెప్పి ఒప్పించుకున్నాను.

పని మొదలైన రోజే పడమటి పొలం రైతు వచ్చాడు. పేరు అంజిరెడ్డి. అరవై దాటిన మనిషి, భుజాన తువ్వాల. కొడుకు పారిశ్రామికవాడలో షిఫ్టు పనికి పోతాడట, సేద్యం మాత్రం ఇంకా తనదే. కంపెనీ నేలకూ ఆయన పొలానికీ మధ్య ఒక హద్దు రాయి ఉందని, కొన్నేళ్లుగా తుమ్మల్లో మునిగిపోయిందని చెప్పాడు. రాయికి అటువైపు పది అడుగుల దూరంలో ఆయన బావి. కంపెనీవాళ్ల నక్షాలో గీత బావికి అవతల నుంచి పోతోంది. రాయి నిలబడి ఉంటే బావి ఆయనది, లేకుంటే గోడ లోపల పడుతుంది.

"నా ఆరెకరాలు గా బావి మీదనే బతుకుతయి, డ్రైవర్ సాబ్. జెర చూసుకుంట పో," అన్నాడు.

నడిచి చూడకుండా అటువైపు యంత్రం పెట్టనని మాటిచ్చాను.

ఏప్రిల్ మూడో శనివారానికి పడమటి పట్టీ ఒక్కటే మిగిలింది. సోమవారం మండల సర్వేయరు గొలుసుతో కొలవడానికి వస్తున్నాడు. సైటు ఇంజనీరు మూర్తి గారు, గుంటూరు వైపు మనిషి, ఆదివారం కూడా పని చెయ్యమన్నారు. కుదరదన్నాను. అయితే ఈ రోజే ముగించమన్నారు. మర్నాడు ప్రభు భోజనం, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆదివారం. పట్టీ అంతా దట్టమైన కంప. నడిచి చూస్తే రెండు గంటలు, వరుస ప్రకారం తవ్వితే ఒక రోజున్నర. నేను మొదటి గడిలో టిక్కు పెట్టాను. సంతకం చేశాను. నడవలేదు. యంత్రానికి గొర్రు తగిలించుకొని కంపలోకి దిగాను.

నాలుగు గంటల వేళ గొర్రు పన్ను దేనికో పట్టుకుంది. పెద్ద వేరనుకొని గట్టిగా నెట్టాను. సీటు కిందనుంచి వెన్ను దాకా ఒక కుదుపు వచ్చింది. వేరు సాగుతుంది, తర్వాత తెగుతుంది. ఇది సాగలేదు. ఆపేసరికి యంత్రం ఇంకో పదిహేను అడుగులు పోయింది. దిగి చూస్తే మూడడుగుల నల్లరాయి, నెత్తిన ఉలితో కొట్టిన కూడిక గుర్తు. అందులో సిలువను చూసుకొని సందేశం వెతుక్కునే మనిషిని కాదు. అది సర్వే గుర్తు. వెనక్కి చూస్తే వేళ్లు లేచిన గుంటలు నలభై దాకా ఉన్నాయి, అన్నీ ఒకే తీరుగా. రాయి ఏ గుంటలోంచి లేచిందో నాకే తెలియలేదు.

సాయంత్రం షీటు తీసుకోవడానికి మూర్తి గారు స్కూటరు మీద వచ్చారు. జరిగింది చెప్పాను. ఆయన షీటు మీద మొదటి గడి చూపించారు.

"నడిచి చూశానని నువ్వే రాశావు. రాయి ఉన్నట్టు రాయలేదు. అంటే అక్కడ రాయి లేదు, అంతే కదా ప్రభుదాసూ?"

కోపంగా కాదు, మెల్లగానే అన్నారు. రాయిని కంప కుప్పలో పడెయ్యమని చెప్పి వెళ్లిపోయారు. పడెయ్యలేదు. ఎవరికీ చెప్పనూ లేదు.

ఆదివారం ఉతికిన చొక్కా వేసుకొని గుడికి వెళ్లాను. చిన్నప్పుడు సండే స్కూల్లో మా చేత శాపవచనాలు చదివించేవారు. పొరుగువాడి సరిహద్దు రాయి తీసేవాడు శాపగ్రస్తుడు అని మాస్టరు చదివితే మేమంతా ఆమేన్ అనాలి. తరగతిలో అందరికంటే గట్టిగా అనేవాణ్ని నేనే. ఆ రోజు ప్రసంగం వేరే దేని మీదో జరిగింది. నాకు వినబడింది ఆ ఆమేన్ ఒక్కటే. రొట్టె తీసుకోవడానికి వరుసలు లేచినప్పుడు నేను లేవలేదు. కానుక అక్కడే విడిచిపెట్టి ముందు పోయి సహోదరుడితో సమాధానపడమని ప్రభువు ఆజ్ఞ. దానికి వేరే వ్యాఖ్యానం లేదు. చివరి బల్ల కావడంతో నేను బయటికి వెళ్లడం ఎవరూ చూడలేదు.

అంజిరెడ్డి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. అరుగు మీద కూర్చొని కందికట్టె పుల్లలతో బుట్ట అల్లుతున్నాడు. నడవకుండా యంత్రం పెట్టానని, రాయి లేపానని, చోటు కూడా తెలియడం లేదని నిలబడే చెప్పాను. ఆయన చేతులు ఆగలేదు. ఇంకో రెండు పుల్లలు అల్లాడు.

"మొదటి దినమే చెప్తిని గదా. నీ చెవులు గా ఇంజన్ల ఇడిసిపెట్టినవా?" అన్నాడు.

కాసేపటికి బుట్ట పక్కన పెట్టి, సర్వేయరు ఎప్పుడొస్తాడని అడిగాడు. రేపు అన్నాను.

"రాయి వోతే వోనీ. రాయి కింద బొగ్గుంటది. మా తాత జమానల పోసిన్రు. రాయిని ఎవడన్న పీకుతడు. బొగ్గును ఎవడు పీకుతడు?"

ఆ పాత పద్ధతి నాకు అప్పటిదాకా తెలియదు. హద్దు రాయి పాతేటప్పుడు గుంత అడుగున బొగ్గూ కుండ పెంకులూ పోసి మట్టి కప్పేవారట. బొగ్గు కుళ్లదు, చెద పట్టదు. రాయి జరిగినా చోటు జరగదు. కానీ నలభై గుంటలు, మధ్యలో గొర్రు దున్నిన నేల. పారలతో మేమిద్దరం సాయంత్రానికి వెతకగలిగేది కాదు. అది యంత్రం పని. ఆ రోజు ఆదివారం.

గుంటలో పడ్డ పశువును విశ్రాంతి దినమైనా పైకి తియ్యమనే లేఖనం చెబుతోంది. అంజిరెడ్డి పశువును గుంటలోకి నెట్టింది నేనే. ఇక ఆలోచించలేదు. మంచి చొక్కా విప్పి షెడ్డులో తగిలించి, గొర్రు దింపి, వెనక చేతికి పళ్లు లేని వెడల్పు బకెట్టు బిగించాను. పళ్లున్న బకెట్టు మట్టిని చీలుస్తుంది, రంగులు కలిసిపోతాయి. పళ్లు లేనిది గడ్డం గీసినట్టు గీస్తుంది. పక్క కాళ్లు నేలకు దింపి యంత్రాన్ని నిలకడ చేసి, ఇంజను వేగం బాగా తగ్గించి, ఒక్కో గుంట అడుగు నుంచి రెండు వేళ్ల మందాన మట్టి తీస్తూ పోయాను. అంజిరెడ్డి, ఆయన పిలుచుకొచ్చిన ఇద్దరు పెద్దమనుషులు గట్టున గొంతుక్కూర్చొని మట్టి రంగు చూశారు. చెయ్యి ఊపితే ఇంకా తియ్యమని. పిడికిలి బిగిస్తే ఆపమని.

మూడు గంటలు అంజిరెడ్డి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఇరవై ఆరో గుంట దగ్గర పిడికిలి బిగించాడు. ఇంజను ఆపి దిగాను. ఎర్రమట్టిలో పళ్లెమంత వెడల్పున నల్లటి మచ్చ. అంజిరెడ్డి చేత్తోనే మట్టి తీశాడు. బొగ్గు ముక్కలు, నాలుగు కుండ పెంకులు. ఒక పెంకు అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూసి, మళ్లీ ఉన్నచోటే పెట్టాడు. రాయి పాతబోతే వద్దన్నాను. పాతాల్సింది సర్వేయరు. చుట్టూ నాలుగు మేకులు కొట్టి, రాయిని పక్కన పడుకోబెట్టి, పైన కంప కప్పాము. వాళ్లు ముగ్గురూ ఊళ్లోకి వెళ్లిపోయారు. నేను యంత్రం కడిగి, గ్రీజు పెట్టి, షెడ్డులోకి వెళ్లాను.

సోమవారం సర్వేయరు ఎదుట మూర్తి గారు నక్షా పరిచి, పడమర రాయి లేదన్నారు. షీటు కూడా చూపించారు. నేను ముందుకు వెళ్లాను.

"సంతకం నాదే సార్. నడవలేదు. రాయి లేపింది నేనే," అన్నాను.

సర్వేయరు కంప తీయించి బొగ్గు చూశాడు. దాని మీదే నిర్ణయం చెయ్యకుండా ఉత్తరం వైపు కదలని రాయి నుంచి గొలుసు లాగించాడు. తేడా బెత్తెడు. రాయి అక్కడే పాతించాడు. ప్రహరీ గోడ బావికి ఇవతల నుంచే లేచింది.

వారంలో నన్ను యంత్రం మీద నుంచి దింపి గడ్డపోతారం యార్డుకు పంపారు. అక్కడ ఆరు నెలలు పిన్నులు కడగడం, బకెట్ల పళ్లు మార్చడం నా పని. నా ఫైలులో రాసిన కారణం 'తప్పుడు షీటు ఇచ్చినందుకు'. మూర్తి గారు ఏ ఉద్దేశంతో రాయించినా ఆ మాట నిజం. యార్డులో తోటివాళ్లు నన్ను చూస్తే మాటలు ఆపేవారు. ఎవరి గురించి ఏం చెబుతానోనని వాళ్ల భయం.

గుడిలో కూడా విషయం పాకింది, వేరే రూపంలో. సంఘపెద్ద ఒకరోజు గేటు దగ్గర ఆపాడు.

"ఆదివారం బండి నడిపినవట గదా, తమ్మీ."

"నడిపిన, అన్నా," అన్నాను.

ఎందుకని అడుగుతాడేమో అని కాసేపు నిలబడ్డాను. అడగలేదు. నాకై నేను చెబితే గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుందని ఊరుకున్నాను. ఆ ఏడు వానాకాలమంతా చివరి బల్ల మీద నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

అంజిరెడ్డి కృతజ్ఞత చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. నేను పాశమైలారం విడిచే రోజు ఆయన బావి దగ్గర మోటారు వేస్తున్నాడు. నన్ను యార్డుకు తీసుకుపోతున్న ట్రాక్టరు మీద నుంచి చెయ్యెత్తాను. మోటారు మోతలో వినబడదని ఆయన కూడా ఏమీ అనకుండా చెయ్యెత్తాడు.

దసరా తర్వాత నన్ను మళ్లీ యంత్రం ఎక్కించారు. ఆఖరి తొమ్మిదేళ్లు కొత్త ఆపరేటర్లకు శిక్షణ ఇచ్చి 2008లో రిటైరయ్యాను. లీవర్లు ఎవరైనా నెల రోజుల్లో నేర్చుకుంటారు. నేను మొదటి వారం యంత్రం ముట్టనిచ్చేవాణ్ని కాదు, కర్ర ఇచ్చి నేల నడిపించేవాణ్ని. ఎందుకని అడిగినవాళ్లకు ఈ సంగతి చెప్పేవాణ్ని, నా పేరుతోనే.

ఆ ఆదివారం యంత్రం నడిపినందుకు నేను ఎప్పుడూ క్షమాపణ అడగలేదు. అడిగింది శనివారం గురించి. దేవుని దినం కాపాడుకోవాలని ఆయన పేరు మీద తొందరపడ్డాను, ఆ తొందరలో అబద్ధం మీద సంతకం పెట్టాను. నడవని నేల మీద నడిచినట్టు టిక్కు పెడితే, ఆ తర్వాత యంత్రం ఎంత బాగా నడిపినా లాభం లేదు.