కోయని ఫ్రేము

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒక మనిషి విరిగిన నడుము. మా బావది. అది విరిగింది నా వల్ల. పొరపాటున జరగలేదు, తెలిసే చేశాను. ఈ మాట మొదటే అనేస్తున్నాను. ఎందుకంటే మెల్లగా చెబుదామని కూర్చున్న ప్రతిసారీ మధ్యలో ఏదో ఒక సాకు దొరికి లేచిపోయాను. సాకులు వెతకడంలో నన్ను మించినవాడు ఈ కాలవ పొడుగునా దొరకడు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే మంచిదయింది. కాసేపు కూర్చోండి, నన్ను లేవనివ్వకండి.

పాలకొల్లు నుంచి నర్సాపురం వెళ్ళే దారిలో, కాలవ పక్కన నాది సైకిల్ షాపు. ఇప్పుడు మోపెడ్లు బాగుచేస్తున్నాను కానీ అప్పట్లో అన్నీ సైకిళ్ళే. మాది చేపల మీద బతికే కుటుంబం. నాకు సముద్రమంటే భయం, అందుకని వల వదిలేసి స్పానర్ పట్టుకున్నాను. నాకు ఒక్కతే అక్క. ఆమె మొగుడే ఈ బావ. పొద్దున్నే నర్సాపురం రేవుకి వెళ్ళి, చేపలూ ఐసూ పెట్టెలో నింపి, సైకిల్ వెనక కట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు. ఎద్దులాంటి మనిషి. ఆ బలమంతా ఇంటికొచ్చాక అక్క మీద చూపించేవాడు.

అక్క పడి ఉండే మనిషి కాదు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఆయన చెంప మీద కొడితే ఈమె చేతికి ఏది అందితే దానితో కొట్టేది. ఒకసారి చెయ్యి కొరికితే ఆయనకి కుట్లు పడ్డాయి. ఒకసారి కత్తిపీట ఎత్తి, "రా, ఇంకోసారి ముట్టుకో" అని వాకిట్లో నిలబడింది. వీధిలో వాళ్ళు గయ్యాళి అనేవాళ్ళు. నాకు మాత్రం ఆమెను చూస్తే గర్వంగా ఉండేది, భయంగా కూడా ఉండేది. ఎప్పటికైనా ఈ ఇద్దరిలో ఒకళ్ళు రెండోవాళ్ళను చంపేస్తారనుకునేవాణ్ణి.

ఒకరోజు బావ షాపుకొచ్చి పాత చైను ముక్క అడిగాడు. గేటుకి కట్టుకోవాలన్నాడు. ఇచ్చాను. వారం తిరక్కుండానే ఆ చైను లింకులు అక్క వీపు మీద వరసగా అచ్చుపడి కనిపించాయి. తోలు లేచిపోయి ఎర్రగా ఉన్న చోట కూడా మధ్యమధ్య నల్లగా గ్రీజు మరక. నా షాపు గ్రీజు. నా చేత్తో పూసింది. చేతిలో ఉన్న స్పానర్‌తోనే బావ చేపలమ్ముతున్న సంత దగ్గరికి పరుగెత్తాను.

ఏం చెయ్యగలిగాను? నా బొంద. స్పానర్ ఎత్తేలోపే బావ నా మణికట్టు మెలిపెట్టాడు. మొహం మీద ఒక్కటి గుద్దితే ముక్కులోంచి రక్తం కారి చొక్కా తడిసిపోయింది. చేపల నీళ్ళ బురదలో బోర్లా పడేసి, మెడ మీద కాలు పెట్టాడు. నోట్లోకి బురద వెళ్ళింది, పొలుసులు పళ్ళకి అంటుకున్నాయి. చుట్టూ జనం. నేను పంక్చర్లు వేసిపెట్టిన మనుషులే. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. అక్క పరుగెత్తుకొచ్చి ఆయన జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది, అప్పుడుగానీ ఆ కాలు లేవలేదు. రక్షించడానికి వెళ్ళినవాణ్ణి ఆమే రక్షించింది. తల కొట్టేసినట్టయింది.

ఇప్పుడు షాపు సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు. సముద్రపు చేపల పెట్టెలోంచి ఐసు కరిగి ఉప్పునీళ్ళు రోజంతా కారుతూనే ఉంటాయి. ఆ నీళ్ళు సీటు కింది గొట్టంలోకి దిగి, అడుగున పెడల్ ఇరుసు తిరిగే చోట నిలిచిపోతాయి. ఇనప గొట్టం లోపల్నుంచి తినుకుంటూ వస్తుంది. పైకి రంగు మెరుస్తూ ఉంటుంది, లోపల తుప్పు పొట్టు. అందుకే మా వైపు షాపుల్లో ఒక పద్ధతి ఉంది. చేపలు మోసి మోసి పాతబడిన సైకిల్ వస్తే, సామానంతా విప్పుకుని ఫ్రేమును రంపంతో రెండు ముక్కలుగా కోసి పాత ఇనుములో పడేస్తాం. ఎవడో తెలియక దానికి రంగేసి మళ్ళీ ఎక్కకుండా. ఇది కాగితాల మీద రాసిన రూలు కాదు. కానీ తప్పినవాణ్ణి నేను చూడలేదు.

సంత గొడవ తరవాత నా దగ్గరికి అలాంటి ఫ్రేము ఒకటి వచ్చింది. రంపం గోడకే వేలాడుతోంది. కోయలేదు. వెనక రేకుల చాటున పెట్టాను. ఎందుకు? పని ఎక్కువగా ఉందనుకున్నానా? తరవాత కోద్దామనుకున్నానా? చూశారా, అప్పుడే సాకు. అప్పటికి బావ కొత్త ఫ్రేము అడగలేదు నిజమే. కానీ మెడ మీద ఆ కాలు బరువు నాకింకా తెలుస్తూనే ఉంది.

కొన్నాళ్ళకి బావ సైకిల్‌ని లారీ ఏదో రాసుకుపోయి ఫ్రేము వంకర తిరిగింది. మిగతా సామానంతా బాగానే ఉంది. సిగ్గూ ఎగ్గూ లేకుండా నా దగ్గరికే వచ్చాడు. ఏమీ జరగనట్టు బల్ల మీద కూర్చుని టీ తెప్పించాడు. ఆ మాటలు నాకు ఈరోజుకీ పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఏరా బామ్మర్దీ, ఈసారి అల్యూమినియంది వేయిత్తే ఎలాగుంటాది? తుప్పు పట్టదంటన్నారు, తేలిగ్గా ఉంటాదంటన్నారు."

"నీ బరువుకి అది ఆగదు బావా. తుప్పు పట్టదు, నిజమే. కానీ విరిగితే చెప్పకుండా విరుగుద్ది. ఇనుము అలా కాదు. ముందు మూలుగుద్ది, వంగుద్ది, అప్పుడు గానీ విరగదు. బండ మోతకి ఇనుమే."

"ఇనుమైతే ఉప్పునీళ్ళు తినేత్తన్నాయి కదరా."

"రెండేళ్ళకోసారి మార్చుకో. నా దగ్గర రెండు బార్లది, గట్టిది ఒకటుంది. ఎల్లుండి వచ్చి తీసుకెళ్ళు."

"లోపల చూశావా? నాకు ఆ గొట్టాల సంగతి తెలీదు. నువ్వు చూసి గట్టిదంటే గట్టిదే."

"చూశాను బావా. గట్టిదే."

నేను చెప్పిన సలహా అక్షరాలా నిజం. ఏ షాపులో అడిగినా అదే చెబుతారు. ఇచ్చిన ఫ్రేము మాత్రం అబద్ధం. అబద్ధాన్ని నిజంలో చుట్టి ఇవ్వడం ఎంత తేలికో ఆరోజు తెలిసింది. నిజం చెబుతున్నప్పుడు గొంతు వణకదు కదా.

మర్నాడు మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద పురుగు లేని వేళ రేకుల చాటునుంచి దాన్ని తీశాను. స్పానర్‌తో కొట్టి చూశాను. మంచి ఇనుము ఖంగుమంటుంది. ఇది ఇరుసు దగ్గర మొద్దుగా పలికింది. దబ్బనం ఆనించి నొక్కితే లోపలికి దిగిపోయింది. ఆ చిల్లిని లప్పంతో పూడ్చాను, రుద్దాను, రెండు పూతలు నల్ల రంగు కొట్టాను. పని చేస్తున్నంతసేపూ పళ్ళు కొరుకుతూనే ఉన్నాను. ఆయన మొహం రోడ్డుకేసి కొట్టుకోవడం, పళ్ళు రాలడం, నోట్లోకి బురద వెళ్ళడం, అన్నీ ఊహించుకుంటూ రంగేశాను. అబద్ధమెందుకు, హాయిగా ఉంది. అంత శ్రద్ధగా ఇంకే ఫ్రేముకీ నేను రంగెయ్యలేదు.

అక్క కోసం చేశానా? ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది అదే. అక్క వీపు చూడలేక చేశానని. మరి అక్క వీపు చూసి స్పానర్ పట్టుకెళ్ళాను, ఫ్రేము మాత్రం జనం ముందు నా మెడ తొక్కాక దాచాను. ఆ నవ్విన ఇద్దరు ముగ్గురు లేకపోతే దాన్ని కోసేసేవాణ్ణేమో. ఛీ, నాకే తెలియదు. తెలిసినా ఒప్పుకోవడానికి మనసు రాదు.

బావ సంతోషించాడు. కృతజ్ఞతగా మంచి చందువా చేపలు తెచ్చి ఇచ్చాడు. పులుసు పెట్టించుకుని తిన్నాను. ముల్లు కూడా గుచ్చుకోలేదు.

తరవాత ప్రతి ఉదయం ఆయన హారన్ కోసం చెవులు రిక్కించి కూర్చునేవాణ్ణి. వినబడితే, ఇంకా విరగలేదా అని విసుగు. వినబడకపోతే గుండె దడ. అలా వానాకాలం గడిచిపోయింది, చలికాలం వచ్చింది. ఒకరోజు షాపు ముందు ఆగి, కింద ఏదో కిర్రుమంటోంది చూడమన్నాడు. వంగి చూశాను. లప్పం పగిలి, వెంట్రుకంత గీత కనిపించింది. ఇనుము చెప్పి విరుగుతుందని నేనే కదా అన్నాను. అదిగో, చెబుతోంది. దేవుడనేవాడు ఉంటే, నాకు ఇంకో అవకాశం ఇచ్చిన క్షణం అదే. ఆ ఒక్క మాట అంటే చాలు: దిగు బావా, ఇది మారుద్దాం.

కానీ కిందటి రాత్రే అక్క పెదవి చీలింది. అది నేను పొద్దున్నే చూశాను. నూనె డబ్బా తీసుకుని ఆ గీత మీద పోశాను. చప్పుడు ఆగిపోయింది. "ఇంక ఫర్లేదు బావా, ఎల్లు" అన్నాను. ఆయన నా భుజం తట్టి ఎక్కాడు.

ఆ వారంలోనే ఎవరో పెళ్ళివారు రొయ్యలు కావాలన్నారట. రోజూ ఒక పెట్టె కట్టుకునేవాడు. రెండోది కూడా కట్టమని అక్క పట్టుబట్టింది. ఆయన వద్దన్నాడు, ఇద్దరూ తిట్టుకున్నారు, చివరికి అక్క మాటే నెగ్గింది. తన చేత్తో తాడు బిగించి కట్టింది. కాలవ వంతెన దిగేచోట, వాలులో, గోతిలో చక్రం పడగానే ఫ్రేము ఇరుసు దగ్గర రెండయింది. ఆయన ఎగిరి వంతెన పిట్టగోడకి గుద్దుకున్నాడు. ఐసుతో నిండిన పెట్టెలు రెండూ వెనకనుంచి వచ్చి నడుము మీద పడ్డాయి.

నేను వెళ్ళేసరికి రోడ్డంతా రొయ్యలు. వాటి మధ్య రక్తం. చెవి సగం ఊడి వేలాడుతోంది, దవడ పక్కకి జరిగిపోయింది. నేను ఊహించుకున్నవన్నీ అక్కడ ఉన్నాయి. హాయి మాత్రం లేదు. బావ నన్ను చూసి, "కాళ్ళు ఏయిరా? నా కాళ్ళు ఎక్కడున్నాయి?" అని అడిగాడు. కాళ్ళు ఆయన ఒంటికే ఉన్నాయి. అప్పుడే అక్క వచ్చింది. చూసింది. రెండు చేతులతో తన మొహం తనే టపాటపా కొట్టుకుంటూ, "నేనే కట్టాను, వద్దంటున్నా నేనే కట్టాను" అని రోడ్డు మీద పడి దొర్లింది. నలుగురూ ఓదార్చారు. నేనూ పట్టుకున్నాను. పట్టుకుని, ఒక్క మాట అనలేదు.

విరిగిన సైకిల్‌ని నేనే షాపుకి తెచ్చాను. ముందు ఎన్నడో కోయవలసిన ఫ్రేమును ఆరోజు కోశాను, ముక్కలు ముక్కలుగా, ఎవరికీ లోపలి పొట్టు కనిపించకుండా. పెట్టెలు ఎక్కువై సైకిల్ విరిగిందంటే అడిగేవాడెవడు? ఎవరూ అడగలేదు.

బావ బతికాడు. నడుము కింద ప్రాణం లేదు. చేతులకి మాత్రం వెనకటి బలమే ఉంది. ఇంక కొట్టలేడు కదా అని నేను ఒకటి రెండు నెలలు లోలోపల అనుకున్న మాట నిజం. వెర్రివాణ్ణి. అక్క బజార్లో చేపల గంప పెట్టుకుని అమ్మి, వచ్చి, ఆయనకి ఒళ్ళు తుడిచి, అన్నం పెట్టేది. మూలిగినప్పుడల్లా ఆయన, "నీ వల్లేనే" అనేవాడు. ఒకరోజు నేను గుమ్మంలో ఉండగా చూశాను. కోపంతో ఆయన చెయ్యి ఎత్తాడు, మంచం మీదనుంచి అందలేదు. అప్పుడు అక్క, కత్తిపీట ఎత్తిన మా అక్క, నేల మీద మోకాళ్ళతో ముందుకు జరిగి, తల ఆయన చేతికి అందేలా పెట్టింది. ఆయన జుట్టు పట్టుకుని మంచం కోడుకేసి కొట్టాడు. ఆమె తల మళ్ళీ పెట్టింది.

మొన్నీమధ్య కూడా అంతే జరిగింది. ఇద్దరికీ జుట్టు నెరిసింది, ఆమె కణతకి ఇప్పుడో గుంట పడింది. నాకు ఒళ్ళు మండి ఆయన మణికట్టు పట్టుకుని విరిచేయబోయాను. అక్క లేచి నా చెంప ఛెళ్ళుమనిపించింది. "వదులు! ఆయన్నిలా చేసింది నేనేరా. నాకు పడాల్సిందే" అంది. నోటిదాకా వచ్చింది. నాలుక మీదే ఉంది. చెబితే అక్క నన్ను చంపినా చంపుతుంది, అంతకంటే నా మొహం ఇంక చూడదు. మణికట్టు వదిలేసి ఇంటికొచ్చాను. ఆయన కాళ్ళు నేను తీశాను. ఆమె కత్తిపీట ఎత్తే చేతులు కూడా నేనే తీశాను. ఏది పెద్ద తప్పో మీరే చెప్పండి. వద్దులెండి, చెప్పకండి.

అక్క ముందు నిలబడి ఎప్పటికైనా అనగలనా? ఏమో. నా పిరికితనం నాకు తెలుసు. కానీ ఇవాళ ఇది రాయడానికి ముందు షాపు తలుపు మూసి, ఒక్కణ్ణే, ఆ మాట పైకి అన్నాను. నా గొంతులో అది నా చెవిన పడడం ఇదే మొదటిసారి. ఎన్నో ఏళ్ళ తరవాత ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్ళింది.

అక్కా, సైకిల్ విరిగింది నువ్వు కట్టిన పెట్టెకి కాదు. విరిగే ఫ్రేమని తెలిసే నేనిచ్చాను. తల వెనక్కి తీసుకో అక్కా.