అక్క కళ్ళలో పడిన సున్నం

మొన్నామధ్య తెనాలిలో మా వీధి తాపీమేస్త్రీ మా ఇంటికొచ్చి, మంచి కన్ను అరచేత్తో మూసుకుని, రెండోదానితో నన్ను ఎగాదిగా చూసి, "బాబాయ్‌గారూ, మీ చొక్కాకి గుండీ ఊడిందండి" అన్నాడు. ఒకప్పుడు సున్నం పడి తెల్లగా పొర కమ్మిన కన్ను అది. మంచి కంటి నల్లగుడ్డు అంచు నుంచి చిన్న ముక్క తీసి, అందులోని మూలకణాలను పెంచి, కాలిన కంటి మీద అతికించారట. లోపలి గదిలోంచి మా అక్క ఈ మాటలన్నీ వింది.

మా చిన్నప్పుడు రేపల్లె దగ్గర మా ఊళ్ళో క్రిస్మస్ ముందు చర్చికి వెల్ల వేయడానికి రాతిసున్నం నానబెట్టేవాళ్ళు. ఆ ఏడు కుతకుతా ఉడుకుతున్న తొట్టిలోకి అక్క వంగి చూడడం, అది చిట్లి రెండు కళ్ళలోనూ పడడం ఒక్క క్షణంలో జరిగిపోయాయి. పక్కనే బిందెల నిండా నీళ్ళున్నాయి, అయినా, "నీళ్ళు పోయకండే, సున్నం మళ్ళీ ఉడుకుద్ది!" అని అరిచి, మా నాయనమ్మ కళ్ళ నిండా ఆముదం పోసింది. అక్కను భుజాన వేసుకుని బాపట్ల డాక్టరు దగ్గరికి పరిగెత్తింది నేనేనని మీలో చాలామందికి చెప్పి ఉంటాను. అబద్ధం. నాన్న బస్సులో తీసుకెళ్ళాడు, నేను గడ్డివాము వెనక దాక్కున్నాను. "వెంటనే నీళ్ళతో కడగలేదా?" అని డాక్టరు అడిగాడని నాన్న వచ్చి చెప్పిన తర్వాత, నాయనమ్మ మా ఇంట్లో గొంతెత్తి మాట్లాడగా నేను వినలేదు.

మేస్త్రీ మాట విన్న మర్నాడే అక్క పెట్టెలోంచి మంచి చీర తీయించుకుంది. పట్నం ఆసుపత్రిలో, ఆమెవి రెండు కళ్ళూ పోయాయి కనుక తోబుట్టువు కంటి నుంచి తీసుకోవచ్చేమో చూద్దామన్నారు. రెండు కళ్ళూ తీసుకోండి డాక్టరుగారూ అన్నానని వీధంతా చాటుకున్నాను గానీ, నిజానికి "నొప్పి ఉంటుందాండి?" అని మాత్రమే అడిగాను. ఆ అవసరమూ రాలేదు. కళ్ళలోకి లైటు వేస్తే అక్కకి వెలుతురన్నదే తెలియలేదు. పైపొరనైతే మార్చగలమమ్మా, లోపల నరం ఎప్పుడో చచ్చిపోయింది, అన్నాడు డాక్టరు మెల్లగా.

తిరుగు బస్సులో అక్క, "నాయనమ్మ బతికి లేదు, అదే నయంరా" అంది.

ఇప్పుడు గోడలకి డబ్బా రంగులొచ్చాయి, కంట్లో ఏది పడినా ముందు నీళ్ళని బడిపిల్లలు కూడా చెబుతారు, కాలిన కంటిమీద కొత్తపొర మొలిపిస్తున్నారు. మా కాలానికి ఇవేవీ అందలేదు. ఏదో ఒకనాటికి మందు రాకపోతుందా అని అక్క ఏళ్ళ తరబడి అంటూండేది. ఇప్పుడు ఆసుపత్రి మాట ఎవరెత్తినా రేడియో గొంతు పెంచుతుంది.